స్పిన్ బిళ్లలు: పాలిమరుల లోపలి కదలిక

1986 జనవరి 28వ తేదీన అమెరికా వ్యోమనౌక 'ఛాలెంజర్' బయలుదేరిన 73 సెకనులకే ధ్వంసమై ఏడుగురు మరణించిరి. రాకెట్టు అతుకును మూసియుంచవలసిన రబ్బరు వలయము ఆనాటి చలిలో బిరుసెక్కి, మండు వాయువులను ఆపలేకపోయినదని విచారణలో తేలినది. రబ్బరు రసాయనికముగా మారలేదు. మారినది దాని అణువుల చలనము.

రబ్బరు, నైలాను, ప్లాస్టిక్కులు అన్నియు పాలిమరులే. అనగా వేలకొలది చిన్న తునకలు గొలుసువలె కూడిన పెద్ద అణువులు. వెచ్చదనమున ఈ గొలుసులు మెలికలు తిరుగుచుండును, చల్లారినకొలది బిగుసుకొనును. సహజమైన రబ్బరు సుమారు −70 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువను గాజువలె పెళుసగును. పాలిస్టిరీను సుమారు 100 డిగ్రీల వరకును గట్టిగానే యుండును. కంటికి కానరాని ఈ కదలికను కొలుచుట యెట్లు?

అణువులలో ఎలక్ట్రానులు సాధారణముగా జంటలై, ఒకదాని అయస్కాంతత్వమును మరొకటి రద్దుచేయును. నైట్రాక్సైడు అను సమూహమున మాత్రము ఒక ఎలక్ట్రాను ఒంటరిగా మిగిలి, అతి సూక్ష్మమైన అయస్కాంతమువలె ప్రవర్తించును. బంట్రోతునకు బిళ్ల తగిలించినట్లు, ఈ సమూహమును పాలిమరు గొలుసునకు రసాయనబంధముతో తగిలింతురు. ఇదియే 'స్పిన్ లేబిల్'. 1965లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మెక్కానెల్, ఆయన సహచరులు ఈ పద్ధతిని మాంసకృత్తులపై ప్రయోగించిరి; పిదప అది పాలిమరులకును వ్యాపించినది.

ఈ బిళ్ల చెప్పు సాక్ష్యమును వినుటకు, 1944లో కజాను నగరమున జవోయిస్కీ కనుగొనిన ఎలక్ట్రాను స్పిన్ అనునాదము తోడ్పడును. పదార్థమును అయస్కాంత క్షేత్రమున నుంచి, సెకనుకు సుమారు 950 కోట్ల కంపనములుగల తరంగములను పంపుదురు. రేడియో మరను త్రిప్పుచుండగా ఒకచోట స్టేషను పలికినట్లు, క్షేత్రబలమును మార్చుచుండగా సుమారు 3,400 గాసుల చెంత ఎలక్ట్రాను తరంగశక్తిని గ్రహించును. ప్రక్కనున్న నత్రజని కేంద్రకపు ప్రభావమువలన అచట ఒక రేఖకు మారుగా మూడు రేఖలు కనుపించును.

ఆ ప్రభావము బిళ్ల తిరిగియున్న దిక్కును బట్టి మారును. బొంగరము వడిగా తిరుగునపుడు దాని రంగులన్నియు ఏకమైనట్లు, బిళ్ల వేగముగా చలించునపుడు ఈ భేదములు కలిసిపోయి మూడు సన్నని రేఖలు వచ్చును. మొదటి, చివరి రేఖల ఎడము సుమారు 33 గాసులు. బిళ్ల బిగిసియున్నచో రేఖలు వెడల్పై, ఎడము 65, 70 గాసుల వరకు పెరుగును. పదార్థమును వేడిచేయుచు, ఆ ఎడము 50 గాసులకు దిగు ఉష్ణోగ్రతను గుర్తింతురు. సామాన్యముగా అది పాలిమరు మెత్తబడు ఉష్ణోగ్రత కంటె హెచ్చుగా నుండును. ఏలయనగా బిళ్ల అతివేగమైన చలనములను మాత్రమే పసికట్టగలదు.

ఒక జాగ్రత్త యవసరము. బిళ్ల గొలుసునకు కొత్త చుట్టము. తన కొక్కెముపై తానే ఊగవచ్చును. గొలుసు కొన సహజముగా నడుమకంటె స్వేచ్ఛగా కదలును. కావున బిళ్లను కొనయందొకమారు, నడుమ నొకమారు తగిలించి, రెండు సాక్ష్యములను పోల్చుదురు. ఏ వస్తువు ఎంత చలికి తాళగలదో ముందుగా నెరుగుటకు ఇట్టి విచారణయు తోడ్పడును.