తప్పు నాలుకది కాదు

భీమవరంలో ఇంటర్ చదివే రోజుల్లో మా తమ్ముడు శనివారం శనివారం పాలకొల్లు వచ్చేవాడు. కొనేది మాత్రం నరసాపురం టికెట్టు. కండక్టరు ఎదురుగా నిలబడగానే పెదవులు బిగుసుకుపోయేవి. 'పా' దగ్గరే ఊపిరి ఆగేది, మెడ నరం ఉబ్బేది, కళ్లు మూతలు పడేవి. "తొందరగా చెప్పు బాబూ" అని వెనక నుంచి ఎవరో అనేవారు. 'న' వాడికి తేలిగ్గా పలికేది. అందుకని ఎక్కువ డబ్బులిచ్చి, ముందే దిగిపోయేవాడు. ఈ సంగతి మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇంట్లో కారణాలకు మాత్రం కొదవ లేదు. చిన్నప్పుడు వస సరిగ్గా పోయలేదని నాయనమ్మ. నత్తి ఉన్న పిల్లాణ్ణి వెక్కిరించి అంటించుకున్నాడని మేనత్త. నాలుక మందమని ఒకరు, ఒట్టి భయమని మాస్టారు. అమ్మ ఏమీ అనేది కాదు. తనవల్లే వచ్చిందేమోనని లోలోపల కుమిలేది.

నాలుకను తప్పుపట్టింది మనమే కాదు. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్, నత్తి పోగొట్టాలని నాలుక మొదట్లో కండ కోసేవాడు. అప్పటికి ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం ఇంకా మొదలుకాలేదు! లోపం నాలుకదే అయితే అదే మనిషి పాట ఎలా పాడతాడు? మా తమ్ముడు చవితి పందిట్లో భజన మొత్తం ఒక్క తడబాటు లేకుండా పాడేవాడు. బళ్లో అందరితో కలిసి ప్రతిజ్ఞ చెప్పినా అంతే.

తర్వాత నేరం తల్లిదండ్రుల మీదికి మళ్లింది. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆయనకూ నత్తే. పసిపిల్లల మామూలు తడబాటును పెద్దలు నత్తి అని ముద్ర వేయడం వల్లే అది ముదురుతుందని నమ్మాడు. 1939లో ఆయన విద్యార్థిని మేరీ ట్యూడర్ ఒక అనాథాశ్రమంలో 22 మంది పిల్లలపై ప్రయోగం చేసింది. వాళ్లలో చక్కగా మాట్లాడే ఆరుగురికి, నత్తి మొదలవుతోంది జాగ్రత్త అని నెలల తరబడి చెబుతూ వచ్చింది. వాళ్లకు నత్తి రాలేదు గానీ ముడుచుకుపోయారు, నోరు విప్పడానికే జంకారు. 2001లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో ఐయోవా రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారం ఇచ్చింది. దిక్కులేని పిల్లల మీద ఇంత పని చేయడానికి మనసెలా వచ్చిందో!

ఇప్పుడు పరిశోధకుల చూపంతా మెదడు మీద ఉంది. ఒక్క మాట రావాలంటే ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు లిప్తపాటు కూడా తేడా లేకుండా కలిసి కదలాలి. వాటిని నడిపే ఎడమ మెదడులోని భాగాలను కలిపే నాడీతంతువులు నత్తి ఉన్నవారిలో కాస్త బలహీనంగా ఉంటున్నాయని స్కానింగులు చూపించాయి. పాటలోనూ పదిమంది గొంతుల్లోనూ లయ బయటి నుంచి అందుతుంది కాబట్టి అక్కడ మాట ఆగదని అనుకుంటున్నారు.

ఆ తేడాకు మూలం చాలామందిలో జన్యువులే. 2010లో డెన్నిస్ డ్రేనా బృందం మేనరికాలున్న పాకిస్థాన్ కుటుంబాలను పరిశీలిస్తూ మూడు జన్యువులను పట్టుకుంది. మేనరికాల వల్లే నత్తి వస్తుందని దీని అర్థం కాదు. దగ్గరి సంబంధాలున్న కుటుంబాల్లో జన్యువు జాడ తీయడం సులువు, అంతే. విచిత్రమేమంటే ఆ మూడూ కణంలోని వ్యర్థాలను అరిగించే ఏర్పాటుకు చెందినవి. అలాంటి జన్యు మార్పే ఎలుకల్లో పెట్టి చూస్తే, వాటి పిల్లల కూతల మధ్య విరామాలు పెరిగాయి. 2025లో పది లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని జల్లెడ పట్టిన అధ్యయనంలో నత్తితో ముడిపడిన చోట్లు 57 తేలాయి. భయం నత్తిని పెంచుతుంది, పుట్టించదు.

సాధారణంగా ఇది రెండు, అయిదేళ్ల మధ్య మొదలవుతుంది. నలుగురిలో ముగ్గురికి దానంతటదే పోతుంది. పెద్దవాళ్లలో వందకు ఒకరికి మిగులుతుంది, వారిలో మగవాళ్లే ఎక్కువ. ఆరు నెలల తర్వాత కూడా తగ్గకపోయినా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మైసూరులో 1965 నుంచీ అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. బిడ్డ 'అ... అ...' అంటుంటే మిగతా మాట మీరు అందించకండి, వాడు చెప్పేదాకా ఆగండి.

ఇక అమ్మలకు ఒక మాట. మీరు వస పోయనందుకు రాలేదిది, ఎప్పుడో కసిరినందుకు రాలేదు. ఇది మీవల్ల రాలేదు.