చెరిపి గీసిన దేశం

జంషెడ్‌పూర్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో చైబాసా ఉంది. 1980ల తొలినాళ్లలో అక్కడి హో నాయకులు కొందరు, తమ కొల్హాన్ ప్రాంతం అసలు భారతదేశంలో భాగమే కాదని వాదించారు. వాళ్ల ఆధారం 1837 నాటి విల్కిన్సన్ నిబంధనలు. హో తెగను తుపాకులతో పూర్తిగా లొంగదీయలేక, ఊరి పెత్తనం ముండా అనే పెద్దకూ, కొన్ని ఊళ్ల పెత్తనం మాన్కీ అనే పెద్దకూ వదిలిపెట్టి తెల్లదొరలు చేసుకున్న ఏర్పాటది. దొరలు పోయినా ఏర్పాటు పోలేదు కదా అంటూ లండన్ దాకా వెళ్లి మొరపెట్టుకున్నారు. రాజద్రోహం కేసులు పడ్డాయి. నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ 2022 జనవరిలో అదే చైబాసా పక్కన ‘కొల్హాన్ ప్రభుత్వం’ పేరుతో పోలీసు ఉద్యోగాల భర్తీ పెడితే కుర్రాళ్లు బారులు తీరారు. నిర్వాహకులను పట్టుకెళ్లారని జనం ఠాణా మీదికి పోయారు.

ఇంత మంట ఉండి కూడా వేరు దేశం మాట ఇక్కడ మహోద్యమం కాలేదు. వేరు రాష్ట్రమనే తలుపు పక్కనే ఉండటం అందుకు పెద్ద కారణమని నా నమ్మకం.

ఆ తలుపు ఊరికే తెరుచుకోలేదు. 1948 జనవరి 1, గురువారం, ఖర్సావాఁలో సంత రోజు. తమ సంస్థానాన్ని ఒరిస్సాలో కలపొద్దని ఆదివాసులు వేలాదిగా వచ్చారు. ఒరిస్సా పోలీసులు కాల్చారు. స్టేట్స్‌మన్ పత్రిక 35 మంది చనిపోయారని రాసింది. ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా వందలూ వేలూ అంటారు. ఏ కలయిక కోసం ఆ రక్తం పారిందో ఆ కలయిక అయిదు నెలలు కూడా నిలవలేదు: మే నెలలోనే ఖర్సావాఁను బిహార్‌కు మార్చారు.

1928 ఒలింపిక్స్ హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా పార్టీ 1952 ఎన్నికల్లో 32 సీట్లతో బిహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. 1955లో, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు వేసిన ఫజల్ అలీ కమిషన్ వేరు రాష్ట్రం కావాలన్న ఆయన కోరిక తోసిపుచ్చింది. ఆదివాసులు అక్కడ మెజారిటీ కారు, అందరిదీ ఒకే భాష కాదు, గనులు పోతే బిహార్‌కు మిగిలేదేమిటి? ఈ మూడో సందేహమే అసలుదని అనుమానించడం తప్పు కాదు. 1963లో జైపాల్ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1987 ఆగస్టు 8న, ఆ కోరికను మళ్లీ ఎత్తుకున్న ఝార్ఖండ్ ముక్తి మోర్చా అధ్యక్షుడు నిర్మల్ మహతోను జంషెడ్‌పూర్‌లోనే కాల్చి చంపారు. తన శవం మీదుగానే రాష్ట్రం చీలాలన్న బిహార్ నేత లాలూ ప్రసాద్ చివరికి తగ్గారు. 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు, ఝార్ఖండ్ పుట్టింది.

వేరు దేశం, వేరు రాష్ట్రం: ఈ రెండు తలుపుల తేడా రాజ్యాంగాల్లోనే కనిపిస్తుంది. సోవియట్ రాజ్యాంగం 72వ అధికరణంలో రిపబ్లిక్‌లకు విడిపోయే హక్కు రాసి పెట్టింది. ఎవరూ వాడరనే ధీమాతో కాబోలు. 1991లో వాడారు. మన రాజ్యాంగం ఆ హక్కు ఎవరికీ ఇవ్వలేదు. 1963 నాటి 16వ సవరణ తర్వాతయితే అభ్యర్థులు దేశ సమగ్రత మీద ప్రమాణం చేయాల్సిందే. ద్రావిడనాడు అనే వేరు దేశపు నినాదాన్ని డీఎంకే ఆ ఏడే వదిలేసింది. కానీ 3వ అధికరణం ఏ రాష్ట్రం ఎల్లలనైనా చెరిపి గీసే అధికారం పార్లమెంటుకిచ్చింది, సదరు రాష్ట్రం ఒప్పుకోకపోయినా సరే. ఝార్ఖండ్‌కు బిహార్ శాసనసభ ఒప్పుకుంది. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒప్పుకోలేదు, తెలంగాణ ఆగలేదు. దేశం విరగకపోవడానికి రాష్ట్రాలు ఇలా వంగడమూ ఒక కారణమే. వంచేది ఢిల్లీ కావడం మాత్రం ఎందుకో మింగుడుపడదు.

టాటాల ఉక్కు కొలిమికి ఉత్తరాంధ్ర నుంచి కూలికొచ్చిన కుటుంబాలకు ఈ గీతల గొడవ కొత్త కాదు. 1920లలో వచ్చినవాళ్లు దిగింది బిహార్–ఒరిస్సా రాష్ట్రంలో. 1936 నుంచి బిహారీలు, 2000 నుంచి ఝార్ఖండీలు. వదిలొచ్చిన ఊరేమో మద్రాసు నుంచి ఆంధ్రకు, ఆంధ్ర నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారింది. జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లోని వాళ్ల రామమందిరం మాత్రం ఉన్నచోటే ఉంది.

రాష్ట్రం వచ్చాక ‘మనం ఎవరం’ అన్న తగాదా ఇంట్లోకొచ్చింది. 1932 నాటి భూమి రికార్డు, అంటే ఖతియాన్, ఉన్నవాళ్లే స్థానికులని 2022లో శాసనసభ బిల్లు చేసింది, గవర్నర్ తిప్పి పంపితే 2023 డిసెంబరులో మళ్లీ ఆమోదించింది. కొల్హాన్‌లో చివరి సర్వే జరిగింది 1932కు చాలా తర్వాత, 1932 పెడితే మేమే పరాయివాళ్లమవుతామని మాజీ ముఖ్యమంత్రి మధు కోడా ఎదురుతిరిగారు. ఆయన హో ఆదివాసి. ఇక మూడు తరాలుగా కంపెనీ క్వార్టర్లలో బతికిన శ్రీకాకుళం వాడి దగ్గర ఏ ఏటి ఖతియానూ ఉండదు: గోడలు కంపెనీవి, కింద నేల సర్కారు లీజుది.