నీళ్ళకు జడవని పిల్లి

పిల్లికీ నీళ్ళకూ పడదని చంటిపిల్లవాడికి కూడా తెలుసు. కళ్ళాపి చల్లడానికి ఇల్లాలు చెంబు ఎత్తిందంటే చాలు, గోడ దూకి పొరుగింట్లో తేలుతుంది. చేపలంటే ప్రాణం, తడి అంటే హడలు. పాపం, ఈ రెంటి మధ్యా నలిగిపోవడంతోనే దాని జన్మంతా సరిపోతుంది.

ఈ చిక్కును ఏనాడో విడదీసుకున్న పిల్లి ఒకటి ఉంది. అది ఏ ఆఫ్రికా కారడవుల్లోనో లేదు, మన కృష్ణా డెల్టాలోనే ఉంది. బెజవాడలో బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరితే, దాని రాజ్యం పొలిమేరలో అడుగుపెట్టినట్టే. అక్కడి నుంచి సముద్రం దాకా ఏటి పాయలు, ఉప్పు నేలలు, మడ అడవులు. రాత్రివేళ ఆ పాయల గట్టున కూర్చుని, మునులు జపం చేసుకుంటున్నట్టు నీళ్ళలోకి చూస్తూ ఉండే జీవే బావురుపిల్లి. నీటిపిల్లి అని కూడా అంటారు.

బెన్నెట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1833లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. పునుగుపిల్లిని పోలినది అని ఆ పేరుకు అర్థం. బెంగాలీలు దీన్ని చేపల పిల్లి అని పిలుచుకుని, 2012లో తమ రాష్ట్ర జంతువుగా గౌరవించారు. మన వైపు దానికి అంత వైభోగం పట్టలేదు. చాలామంది దాన్ని చూడగానే వేసే కేక ఒక్కటే: “పులిపిల్లరోయ్!”

ఆ కేకలో వారి తప్పు ఎంతో లేదు. ఈ పిల్లి మన పెంపుడు పిల్లికి ఇంచుమించు రెండింతలు. ఆడది ఆరేడు కిలోలుంటుంది, మగది పది దాటి పదహారు కిలోల దాకా పెరుగుతుంది. బూడిదరంగు కలిసిన గోధుమవన్నె ఒళ్ళు, దాని మీద వరసలు తీరిన నల్లని మచ్చలు, నుదుటి నుంచి మెడ మీదకు దిగే నల్లగీతలు. చెవులు గుండ్రంగా, చిన్నవిగా ఉంటాయి. తోక పొట్టి, శరీరం పొడవులో సగం కూడా ఉండదు. చిరుతపిల్ల కాదని గుర్తుపట్టడానికి ఆ తోకే తేలికైన ఆనవాలు. చిరుతకు తోక బారెడు.

ఇక నీటి సంగతి. దీని ఒంటిమీద బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైది పొడుగు, మచ్చలున్నది. అడుగున ఉన్నది పొట్టిగా, ఒత్తుగా ఉండి చర్మాన్ని తడి తగలకుండా కాపాడుతుంది. వానాకాలంలో మనం వేసుకునే రెయిన్‌కోటును ఇది లోపల తొడుక్కుందన్నమాట. ముందుకాళ్ళ వేళ్ళ మధ్య కొంతమేర పలచని పొర ఉంటుంది. గోళ్ళు లోపలికి ముడిచినా మొనలు బయటికే కనిపిస్తుంటాయి. జారుడు బురదలో నడవడానికీ, జారిపోయే చేపను పట్టడానికీ ఇంతకన్న మంచి పనిముట్లు ఏముంటాయి?

దాని వేటలో ఆర్భాటం ఏమీ లేదు. గట్టున కదలక మెదలక పొంచి ఉంటుంది. చేప దగ్గరకు వస్తే పంజాతో గట్టుకు విసురుతుంది. లోతున ఉంటే తలతో సహా నీళ్ళలో దూకి నోట కరచుకుని వస్తుంది. అవసరమైతే పాయను ఈది అవతలి ఒడ్డుకు పోతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో దీని మలాన్ని పరీక్షించి చూస్తే, ఆహారంలో నాలుగింట మూడువంతులు చేపలేనని తేలింది. తక్కిన వంతులో పక్షులు, పురుగులు, ఎలుకలు. పీతలూ కప్పలూ దొరికినా వదలదు.

సంసారం విషయంలో మగపిల్లి ఒంటరి. ఆడది రెండు నెలల పైచిలుకు మోసి, ఒత్తుగా పెరిగిన రెల్లులోనో జమ్ములోనో రెండు మూడు పిల్లల్ని పెడుతుంది. ఇంచుమించు పదహారో రోజుకు అవి కళ్ళు తెరుస్తాయి. పది నెలలు వచ్చేసరికి ఎవరి దారి వారిది. అందాకా చేపలు పట్టే విద్యంతా తల్లి దగ్గరే.

ఆ నీళ్ళలో దీనికి పోటీదారులు లేకపోలేదు. మొదటిది నీటికుక్క. పేరుకు కుక్క గాని కుక్కకు చుట్టమే కాదు, దాని వంశమే వేరు. బావురుపిల్లి ఏకాంతవాసి అయితే, నీటికుక్కలది ఉమ్మడి కుటుంబం. తల్లీతండ్రీ పిల్లలూ అంతా కలిసి, ఈలలు వేసుకుంటూ చేపల గుంపును చుట్టుముడతాయి. బంగ్లాదేశ్‌లో కొందరు జాలరులు వీటిని పెంచి, చేపల్ని వలలోకి తోలడానికి తరతరాలుగా వాడుకుంటున్నారంటే వీటి నేర్పు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

రెండోది నక్క. కథల్లో దానికి జిత్తులమారి అని చెడ్డపేరు తెచ్చిపెట్టాం గాని, సంసారపక్షంలో దానికి సాటి రాగలవారు తక్కువ. ఆలుమగలు ఏళ్ళ తరబడి కలిసి ఉంటారు. ముందు ఈతలో పుట్టిన పిల్లలు కొన్ని ఇల్లు విడవకుండా ఉండి తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ సాకుతాయి. పొలాల్లో ఎలుకలు, గట్ల మీద పీతలు, రాలిన పళ్ళు, ఏది దొరికితే అది దానికి విందే. నక్కకొమ్ము ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న పిచ్చి నమ్మకంతో దాన్ని చంపేవారు ఉన్నారు. నక్కకు కొమ్మే లేదు. కాబట్టి కలిసివచ్చేది కొమ్ము అమ్మేవాడికే.

ఇప్పుడు అసలు తగవు దగ్గరకు వద్దాం. నాగాయలంక అవతల మా మేనమామ వరసాయనకు చేపల చెరువుంది. ఒకసారి నేను వెళ్ళిన మర్నాడు ఉదయం, కాపలా మనిషి గట్టు మీద బురదలో అడుగుజాడలు చూపించాడు. పక్కనే సగం తిన్న చేప పడి ఉంది.

“నిన్న రాత్రి కూడా వచ్చిందండి. మీరు ఊఁ అంటే ఉచ్చు పెడతానండి” అన్నాడు.

మామయ్య వెంటనే బదులు చెప్పలేదు. గట్టు పొడుగునా నడిచి, ఒకచోట ఆగి, చేతికర్రతో ఒక బొరియ చూపించాడు.

“ఒరే అబ్బాయ్, ఇది పందికొక్కు పని. క్రిందటేడు ఇలాంటి బొరియ నుంచే గట్టు తెగింది. నీళ్ళతోపాటు చేప ఎంత పోయిందో నీకు తెలియదు. పిల్లి తిన్న చేప నా కంటికి కనిపిస్తుంది. అది తిన్న పందికొక్కు కనిపించదు. లెక్క రాయమంటే ఏం రాయను?”

“అయితే ఏం చేస్తారు మామయ్యా?”

“చేసేదేముంది? రొయ్యల చెరువుల వాళ్ళు పీతలు రాకుండా నైలాను వల కట్టుకోవడం లేదూ? మనమూ కాస్త ఎత్తుగా కడదాం. నీటికాకులు తినేదానికి లేని ఉచ్చు దీనికెందుకు?”

వల కట్టారు. పిల్లి రావడం పూర్తిగా మానిందని చెప్పను, తగ్గిందని మామయ్యే అన్నాడు. కాని అందరి గట్ల మీదా మామయ్యలు ఉండరు. ఉచ్చులకూ, విషానికీ, కుక్కలకూ, రాత్రి రోడ్డు దాటుతూ బండ్ల కిందా ఈ జాతి పోతూనే ఉంది. అన్నిటినీ మించిన దెబ్బ ఇల్లు పోవడం. జమ్ము దుబ్బులు, చిత్తడి నేలలు, మడ చెట్లు ఉన్నచోట చెరువులు తవ్వితే, ఆ పిల్లి చెరువు గట్టుకు రాక ఎక్కడికి పోతుంది? దాని ఇంట్లోకి మనం వెళ్ళి, అది మన ఇంటికి వచ్చిందని కర్ర తీస్తున్నాం.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా, చేర్చింది. దీన్ని చంపితే జైలుశిక్ష తప్పదు. 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. సొర్లగొంది, నాచుగుంట, అడవులదీవి మొదలైన మడ అడవులు అందులోవే. వాటిలో కొంత ఇప్పటి కృష్ణా జిల్లాలోనూ, కొంత బాపట్ల జిల్లాలోనూ ఉంది. ఒడిశాలోని చిలికా సరస్సు చుట్టూ 2022లో లెక్క తీస్తే 176 బావురుపిల్లులు ఉన్నట్టు అంచనా వచ్చింది. చెట్టుకో, పాతిన గుంజకో కెమెరా కట్టి, రాత్రి ఎదురుగా నడిచే జంతువును దానంతట అదే ఫొటో తీసేలా చేస్తారు. మనిషి వేలిముద్రల్లాగే ఒక పిల్లి మచ్చలు మరొక పిల్లికి ఉండవు. లెక్కకు అదే ఆధారం.

“పిల్లి ఉంటే మాకేం, పోతే మాకేం?” అని అడిగేవారికి ఒక మాట. పిల్లి ఉండాలంటే మడ అడవి ఉండాలి. మడచెట్ల ఊపిరివేళ్ళ మధ్యనే రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెద్దవవుతాయి. సముద్రం మీదకు పోయే జాలరి వలలో పడేది అక్కడ పెరిగిన సరుకే. అంతకన్న పెద్ద సంగతి మరొకటి ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజును తలుచుకుని ఇప్పటికీ కళ్ళు తుడుచుకునే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అలల విసురును తగ్గించడానికి తీరానికి దేవుడిచ్చిన కంచె మడ అడవి. అక్కడ బావురుపిల్లి తిరుగుతున్నదంటే, మన కంచె ఇంకా కొంత మిగిలి ఉందన్నమాట.

అందుచేత, ఆ వైపు చుట్టాలున్నవారు రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. వరికోతల్లోనో జమ్ములోనో మచ్చలపిల్లలు కనిపిస్తే ఇంటికి తెచ్చి పాలు పట్టకండి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, మనుషులు తప్పుకుంటే వచ్చి తీసుకుపోతుంది. పెద్దది ఎక్కడైనా చిక్కుకుంటే గుంపుగా చుట్టుముట్టకండి. అది మనిషి మీదకు వచ్చే జంతువు కాదు గాని, దారి మూసేస్తే తిరగబడుతుంది. అటవీశాఖ వారికి కబురు పెట్టి, దూరంగా నిలబడండి.

పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునే అలవాటు మన పెద్దల్లో కొందరికి ఉంది. దివిసీమ దారిలో ఏ రాత్రయినా, తడిసిన ఒంటితో, నోట చేప కరచుకుని, ఒక మచ్చలపిల్లి మీ బండికి అడ్డంగా పోయిందనుకోండి. కాస్త ఆగి దారివ్వండి. ఆ శకునం మంచిదే.