మెలిపెడితేనే మాట వింటుంది!

ఫ్యాక్టరీలో సెన్సర్లు, మోటార్లు, కంట్రోలర్లు మాట్లాడుకునేది డేటా బస్ మీద. చాలాచోట్ల అది రెండే రెండు తీగలు! పక్కనే వెల్డింగ్ మెరుపులు, మోటార్ డ్రైవ్‌ల రొద. ఆ గోలలో మాట ఎలా వినపడుతుందంటారా?

ఆ రెండు తీగల్నీ మెలితిప్పడమే మొదటి మందు. దీని మీద పేటెంట్ ఎప్పటిదో మీకు తెలుసా? 1881! తీసుకున్నది టెలిఫోన్ గ్రాహంబెల్ గారే. ఇప్పటికీ మెలి విప్పే ధైర్యం ఎవరికీ లేదు.

1983 నాటి ఆర్‌ఎస్-485 అనే బస్ ప్రమాణంలో రిసీవర్ రెండు తీగల మధ్య వోల్టేజీ తేడానే చూస్తుంది. ఎంత తేడా చాలో తెలుసా? 200 మిల్లీవోల్టులు! గోడ గడియారం సెల్‌లో ఏడో వంతు కూడా లేదు. మెలి వల్ల బయటి రొద రెండు తీగలకూ సమానంగా తగులుతుంది కాబట్టి తేడా చెక్కుచెదరదు. నెమ్మదిగా పంపితే సంకేతం 1,200 మీటర్లు పోతుంది. మనం పక్క గదిలోకి కేకేసినా వినపడదు!

మీకు తెలుసా? కేబుల్ రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు లేకపోతే సంకేతం కొసకి కొట్టుకుని వెనక్కొస్తుంది. తన మాటకు తనే అడ్డు! మంచిదే కదా అని మధ్యలో మూడోది పెట్టారో, అసలు సంకేతమే నీరసించిపోతుంది.

ప్యానెల్‌లో, కేబుల్ చుట్టూ రొదని ఆపే షీల్డ్ జాలీని ఒలిచి, సన్నటి తోకలా పేని, ఎర్త్ స్క్రూకి బిగించడం చూశారా? చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ హై ఫ్రీక్వెన్సీ రొదకి ఆ బెత్తెడు తోకే పెద్ద అడ్డంకి, భూమిలోకి దిగనే దిగదు! జాలీ చుట్టూ 360 డిగ్రీలూ పట్టే క్లాంప్ కావాలి. తోక కత్తిరించండి బాబూ!

1986లో బాష్ కంపెనీ ప్రకటించిన క్యాన్ బస్ గురించి మీకు తెలుసా? సందేశం పంపడంలో ఒక్కో తప్పుకీ యూనిట్ లెక్కలో 8 పాయింట్లు పడతాయి. 255 దాటితే ఆ యూనిట్ తనంతట తనే బస్ నుంచి తప్పుకుంటుంది. టీవీ చర్చలకి ఈ నిబంధన ఎప్పుడు పెడతారో!

తీగల్లోకి రొద ఆకాశం నుంచీ దూరగలదు. 1859 సెప్టెంబరులో సౌర తుఫాను టెలిగ్రాఫ్ తీగల్లో ఎంత కరెంటు పుట్టించిందో మీకు తెలుసా? బోస్టన్, పోర్ట్‌లాండ్ ఆపరేటర్లు బ్యాటరీలు తీసేసి మరీ కబుర్లాడుకున్నారు! పుణ్యానికి కరెంటు!

తీగలతో ఈ తిప్పలన్నీ ఎందుకంటారా? ఆప్టికల్ ఫైబర్ వేసుకోండి. అందులో నడిచేది వెలుగు కాబట్టి ఏ మోటార్ రొదా అంటదు. ఎలుకలు కొరికితే మాత్రం మాకు సంబంధం లేదు!