గాయం మానినా వ్యాయామం మానకండి

చేతికి కుట్లు విప్పగానే, లేదా విరిగిన మణికట్టుకు వేసిన పిండికట్టు తీయగానే చాలామంది "ఇక నయమైపోయినట్లే" అనుకుంటారు. నిజానికి రోగి చేయవలసిన పని అప్పుడే ఎక్కువవుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా, ఇంటి దగ్గర వ్యాయామం మానేసినందువల్ల వేళ్లు బిగుసుకుపోయి కుట్టుపని, పొలం పని వదులుకోవలసి వచ్చేవారు ఉంటారు.

వేళ్లు ఎందుకు బిగుసుకుంటాయి? కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి దానిని టెండాన్ అంటారు. మన ఊళ్లలో దీనినీ నరమనే అంటారు గాని ఇది నరం కాదు. వేలిలో ఇది సన్నని గొట్టం వంటి తొడుగులో ముందుకూ వెనక్కూ జారుతుంది. కొడవలి తగిలి అది తెగితే డాక్టరు కుట్టి కలుపుతారు. శరీరం ఆ గాయాన్ని పూడ్చేటప్పుడు టెండాన్‌నూ, చుట్టూ ఉన్న తొడుగునూ కలిపి అతికించేస్తుంది. తగినంత కదలిక ఉంటేనే జారే దారి మిగులుతుంది. అలాగని తొందరపడి బలంగా ముడిస్తే కుట్టు తెగిపోతుంది. మొదటి మూడు వారాలు ఆ అతుకు చాలా బలహీనం. అందుకే సాధారణంగా సుమారు 6 వారాలు స్ప్లింట్ ఉంచుతారు, 12 వారాల వరకు బరువు ఎత్తవద్దంటారు. ఏ వారంలో ఏ కదలిక చేయాలో మీ థెరపిస్టు చెప్పినట్లే చేయండి. పక్క మంచం మీది వారిని చూసి చేయకండి.

మణికట్టు విరిగినవారి సంగతి వేరు. కట్టు ఉండగానే, డాక్టరు వద్దని చెప్పకపోతే, వేళ్లు, మోచేయి, భుజం రోజూ కదిలించాలి. చెయ్యి ఎప్పుడూ మెడకు వేలాడదీసుకొని ఉంటే భుజం కూడా పట్టేస్తుంది.

1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతులకు టెండాన్ మార్పిడి ఆపరేషన్లు చేసి పేరు పొందారు. అటువంటి ఆపరేషన్ తరువాత కొత్త చోటికి మార్చిన కండరంతో వేలు కదపడం రోగి అభ్యాసంతో నేర్చుకోవలసిందే. కత్తి ఆ పని చేయలేదు.

మరి చాలామంది ఎందుకు ఆపేస్తారు? నొప్పికి భయపడి. వ్యాయామం చేసేటప్పుడు లాగినట్లుండి కాసేపటికి తగ్గితే భయం లేదు. మరునాటి దాకా నొప్పి, వాపు ఉంటే ఎక్కువ చేశారన్నమాట. అప్పుడు పూర్తిగా ఆపకుండా తగ్గించి, థెరపిస్టుకు చెప్పండి. వాపు ఉంటే చేతిని గుండెకంటే ఎత్తులో దిండు మీద ఉంచండి.

వారమంతా వదిలేసి ఆదివారం గంటసేపు చేస్తే లాభం లేదు. మీకు వేరే లెక్క చెప్పి ఉండకపోతే, కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు మంచిది. ఉదయం కాఫీ, మధ్యాహ్న భోజనం, సాయంత్రం ప్రార్థన, రాత్రి సీరియల్ మధ్యలో ప్రకటనలు, ఇలా రోజూ జరిగే పనికి ముడిపెట్టండి. చేసిన ప్రతిసారీ క్యాలెండర్‌లో గీత గీయండి. పిడికిలి బిగించవచ్చని చెప్పాక, వేలికొసకూ అరచేతికీ మధ్య రెండో చేతి వేళ్లు ఎన్ని పడుతున్నాయో వారానికోసారి చూసి రాసుకోండి. పోయిన వారం మూడు పట్టి ఈ వారం రెండే పడితే, కంటికి కనబడని మార్పు కాగితం మీద కనబడుతుంది.

ఇంట్లోవారికి ఒక మాట. నూనె మర్దనా చేసి వేళ్లను బలవంతంగా వంచకండి. దానితో వాపు పెరుగుతుంది, కుట్టు కూడా తెగవచ్చు. అలాగే "నువ్వు కూర్చో, నేను చేస్తా" అని అన్నీ అందించడమూ మేలు కాదు. డాక్టరు అనుమతించాక బఠాణీలు వలవనివ్వండి, పూలు కట్టనివ్వండి, బట్టలు మడవనివ్వండి. పుండు పూర్తిగా మానితే చెంచా పక్కన పెట్టి, అన్నం ఆ చేత్తోనే కలుపుకోమనండి. మా ఉద్దేశంలో మెత్తని బంతి కంటే ఇదే మేలు, ఎందుకంటే ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. చేతికి తిమ్మిరి ఉంటే మాత్రం వేడినీళ్లు, వేడి గిన్నెలు ముందు రెండో చేత్తో తాకి చూడండి.

నిన్న వంగిన వేలు ఇవాళ అకస్మాత్తుగా వంగకపోతే టెండాన్ తెగి ఉండవచ్చు. స్ప్లింట్ తీయకుండా అదే రోజు ఆసుపత్రికి రండి. చీము, జ్వరం ఉన్నా, నొప్పి రోజురోజుకూ పెరిగి చెయ్యి ఉబ్బి మెరుస్తూ రంగు మారినా, చీటీలో రాసిన తేదీ వచ్చేదాకా ఆగకండి.