జీవశాస్త్రము — ప్రయోగశూన్యమైన చదువు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిశను, దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వరకు గల రాజమార్గమున విద్యాలయపు పలక వ్రేలాడని మేడ యరుదు. నల్లగొండ, ఖమ్మము మొదలగు ప్రాంతముల రైతులు పంట నమ్మియో, అప్పు దెచ్చియో తమ బిడ్డల నిచ్చటి వసతిగృహములందు జేర్చి, వైద్యవిద్యకై సిద్ధపరచుచున్నారు. నీట్ పరీక్షయందలి 720 మార్కులలో 360 జీవశాస్త్రమునకే చెందినవి. ఇంతటి ప్రాధాన్యము గల శాస్త్రమును మన బాలబాలిక లేతీరున నభ్యసించుచున్నారు? ఆకును ముట్టకయే ఆకును గూర్చియు, దోమను జూడకయే దోమను గూర్చియు వల్లించుచున్నారు. సూక్ష్మదర్శిని పెక్కుచోట్ల పరీక్షాధికారి వచ్చు దినములందు మాత్రమే బీరువా వెలుపలికి వచ్చుచున్నది.

పరీక్షలను నిందించుట మా యుద్దేశము గాదు. కాని జీవశాస్త్రము కంటితో జూచి, చేతితో జేసి నేర్వవలసిన విద్య. ఇందులకు నిదర్శనము మన నగరముననే కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదున రొనాల్డు రాస్ దోమ కడుపును కోసి చూచి, అందు మలేరియా క్రిమిని గనుగొనెను. అందులకై 1902లో నోబెలు బహుమానము నందెను. అంతకు ముందు రెండేండ్లపాటు ఆయన పరీక్షించిన దోమలు తగిన జాతివి గాకపోవుటచే శ్రమ యంతయు నిష్ఫల మయ్యెను. ఆయన విసుగుచెంది మానియుండినచో ఆ సత్యము వెలువడుట కింకెంత కాలము పట్టెడిదో!

నేటి వైజ్ఞానిక ప్రదర్శనములందు మనకు గానవచ్చున దేమి? అంగడిలో గొనిన థర్మోకోలు గుండెకాయ. దానికి మినుకుమినుకుమను దీపములు. అది బొమ్మయే గాని ప్రయోగము గాదు. జవాబు ముందుగా దెలియని ప్రశ్న యొకటి యుండవలెను. చూడదలచిన భేద మొక్కటియే యుండి, తక్కిన వన్నియు సమానముగ నుండవలెను. ఇదియే ప్రయోగమునకు ప్రాణము.

ఇట్టి ప్రయోగములకు ధనమక్కరలేదు. క్రొత్త వరివిత్తనములు 100, గత సంవత్సరపువి 100 వేర్వేరు తడిగుడ్డలలో మూటగట్టి, ఒకేచోట నుంచి, 14వ దినమున మొలకలను లెక్కింపవలెను. ధ్రువీకరించిన వరివిత్తనము నూటికి 80 తగ్గకుండ మొలవవలెనని నియమము గలదు. ఈ లెక్క విద్యార్థికి పాఠము. ఇంటనున్న తండ్రికి పంట.

అట్లే, రెండు సీసాలలో నొకదాన మంచినీరు, రెండవదాన మురుగునీరు బోసి నీడను బెట్టి, దోమపిల్లలు గనబడినతోడనే మూతికి పలుచని వస్త్రము గట్టి, దినదినమును వాని మార్పులను వ్రాసికొనవచ్చును. పని ముగిసిన వెనుక ఆ నీటిని ఎండిన నేలపై బారబోయవలెను. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇంటిలోని నిలువనీటనే పెరుగునని యొకసారి తానై చూచిన బాలుడు ఇంటి తొట్టిని మూయక మానడు.

సరూర్‌నగరు చెరువునీటి బొట్టొక్కటి సూక్ష్మదర్శిని క్రింద నొక లోకమును జూపగలదు. వనస్థలిపురము చెంతనున్న హరిణ వనస్థలి 1994 నుండి జాతీయోద్యానము. అచ్చట ప్రతివార మొకే వేళ పక్షులను, కృష్ణజింకలను లెక్కించి వ్రాయుటయు గొప్ప ప్రయోగమే. హబ్సిగూడలోని సి.సి.యం.బి. పరిశోధనాలయము బహిరంగదినమున విద్యార్థులకు ద్వారములు తెరచుచున్నది; అచ్చటికి వారిని గొనిపోవలెను.

తల్లిదండ్రులకు మేము చేయు విన్నపమొక్కటే. బిడ్డను కళాశాలలో జేర్చునపుడు గతేడు వచ్చిన ర్యాంకులను మాత్రమే యడుగక, ప్రయోగశాలను జూపుడని యడుగుడు. వారమున కెన్ని గంటలందు ప్రయోగములు జరుగునో విచారింపుడు. ఉపాధ్యాయులును విద్యార్థి యనుకొన్న ఫలము రాకున్నను, వచ్చినదానినే నిజముగ వ్రాసినచో మెచ్చుకొనవలెను. రేపు రోగి నాడిపట్టి యున్నదున్నట్లు చెప్పవలసిన వాడు, నేడు మొలకల లెక్కను దిద్దుట నేర్వరాదు.