స్కర్టింగు

ఇంటిలోపల నేల, గోడ కలిసేచోట గోడ అడుగున అతికించే రాతి లేదా టైలు పట్టీని స్కర్టింగు అంటారు. ఇది సాధారణంగా 4 అంగుళాల (సుమారు 10 సెం.మీ.) ఎత్తు ఉంటుంది. నేల తుడిచే నీరు గోడ గిలాబుకు తగలకుండా కాపాడుట దీని పని.

44వ జాతీయ రహదారిపై ఉన్న కొత్తకోట (వనపర్తి జిల్లా) వంటి ఊళ్ళకు ఉత్తరాన తాండూరు, దక్షిణాన బేతంచెర్ల నాపరాతి గనులు ఉన్నాయి. రెండూ సున్నపురాయి రకాలే. నేలకు పరచిన బండలనే పట్టీలుగా కోసి స్కర్టింగుకు వాడతారు. శీతలదేశాలలో కనిపించే కర్రపట్టీలు నీళ్ళు పోసి కడిగే ఇళ్ళకు, చెదలున్న నేలలకు సరిపడవు.

అమర్చే విధానం

నేల పరచిన తరువాతనే స్కర్టింగు మొదలుపెట్టాలి. పట్టీ మందం మేరకు గిలాబు వేయకుండా వదలినచో పట్టీ గోడతో సమంగా కూర్చుంటుంది. బయటకు పొడుచుకు వస్తే అంచుపై దుమ్ము నిలుస్తుంది. గోడను, పట్టీ వెనుకభాగాన్ని తడిపి, దారం కట్టి, సిమెంటు మాలు నిండుగా పట్టించి అతికించాలి. ఆరిన తరువాత తట్టి చూడవలెను. డొల్ల శబ్దం వస్తే వెనుక ఖాళీ ఉన్నట్లే, ఊడదీసి మరల అతికించుట మేలు.

అడుగు సందును, అతుకులను రాతిరంగు కలిపిన తెల్లసిమెంటుతో పూడుస్తారు. స్నానాలగది గుమ్మం పక్కన మాత్రం సిలికాన్ సీలెంటు నయం. సిమెంటు పగులుతుంది, సిలికాన్ సాగుతుంది. సిమెంటు మరకలను అప్పటికప్పుడే తడిగుడ్డతో తుడవాలి. పని తొందరగా తెమలడానికి కొందరు యాసిడ్ వాడతారు గాని, సున్నపురాయి ఆమ్లంలో కరుగును కనుక బండ మెరుగు పోతుంది.

పునాది నుండి పైకి పాకే చెమ్మను స్కర్టింగు ఆపలేదు. కొంతకాలం కప్పిపెడుతుంది, ఆపై పట్టీ పైఅంచు మీదుగా గోడపై ఉప్పుపొర తేలుతుంది. దానికి గోడ కట్టక ముందే పునాదిపై చెమ్మనిరోధక పొర (డి.పి.సి.) వేయించాలి.